ఉచిత చక్రము

సైకిలుకి రెండు చక్రాలుంటాయని, అందులో ఒకటి ముందుది, ఇంకొకటి వెనకది అని మా గుమ్మిడూరు జనం చాలాకాలంగా నమ్ముతూ వచ్చారు. అది పొరపాటట. ఒకటి కొనుక్కున్నది, రెండోది ఉచితంగా వచ్చినది అయివుండాలట. మా మున్సిపాలిటీ వారు చెప్పేదాకా ఈ సంగతి ఎవరికీ తట్టలేదు. కాలేజీలో లెక్కలు చెప్పుకునే నాకే తట్టలేదు, ఇక మిగతావాళ్ళ మాట చెప్పాలా?

నాకు సైకిలు పిచ్చి. ఉన్నమాట చెప్పాలంటే తొక్కడం కన్నా విప్పడం మీద మోజు ఎక్కువ. ఆదివారం వస్తే చాలు, పెరటి వసారాలో పాత దుప్పటి పరిచి, సైకిలుని తలకిందులుగా నిలబెట్టి, చైను కిరసనాయిల్లో నానేసి, పాత టూత్‌బ్రష్షుతో తోముతూ కూచుంటాను. కాలేజీలో నన్ను ఎవరు ఏమన్నా పట్టదు గానీ, నా చైను చప్పుడు చేస్తోందంటే మాత్రం ఊరుకోను. ఒకసారి పోపుల డబ్బాలో ఆవాల గిన్నె ఖాళీ చేసి, అందులో బేరింగు బాల్సు పోశాను. మా ఆవిడ వైదేహి రెండు పూటలు నాతో మాట్లాడలేదు. మూడో పూట మాట్లాడింది. “నాకూ సైకిలు నేర్పండి” అంది.

అప్పటికి ఆవిడకి యాభై దాటాయి. ఎందుకిప్పుడు అని అడిగితే అసలు సంగతి బయటపడింది. చిన్నప్పుడు వాళ్ళ అన్నయ్య రాఘవులుకి సైకిలుండేదట. ఒక్కసారి ఎక్కుతానని ఈవిడ బతిమాలేదట. “ఆడపిల్లవి, నీకెందుకే?” అని ఆయన తొక్కుకుంటూ వెళ్ళిపోయేవాడట. ఈవిడ వెనకాల పరిగెత్తేది. ఊరి చివర ఆయాసంతో ఆగిపోయి, ఆయన తిరిగొచ్చాక మళ్ళీ వెనకాలే పరిగెత్తుకుంటూ ఇంటికి చేరేది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఈ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

నేర్పాను. రెండుసార్లు పడింది, ఒకసారి నన్ను పడేసింది. మొత్తానికి నేర్చుకుంది. నేర్చుకుని ఊరుకుందా? వచ్చే కార్తీకమాసం మూడో ఆదివారం, సముద్రం ఒడ్డున చినరేవులో ఉన్న అన్నయ్య ఇంటికి సైకిలు మీద వెళ్ళాలని నిశ్చయించుకుంది. ఫోను చేసి చెప్పింది కూడా. ఆయన పగలబడి నవ్వాడు.

“నువ్వు బస్సులో రావే అమ్మా! సైకిలు బస్సు మీద వేయించు” అన్నాడు.

వైదేహి ఫోను పెట్టేసి నా వైపు తిరిగింది. “వెనక చక్రం గట్టిగా ఉండాలండీ” అంది.

ఆ వెనక చక్రం మీద నేను ఒక వేసవి ఖర్చు పెట్టాను. కొత్త రిమ్ము తెచ్చి, స్పోకు పుల్లలు ఒక్కొక్కటే బిగించి, ఒక్కొక్కదాన్నీ వేలితో మీటి విని, బెండు తీసి, ఫ్రీ వీలుకి నూనె పట్టించాను. తిప్పి వదిలితే అటూ ఇటూ ఊగకుండా గీత గీసినట్టు తిరిగేది. నేను చేసిన పనుల్లో నాకు పూర్తిగా నచ్చినది ఆ చక్రం ఒక్కటే.

సరిగ్గా కార్తీకమాసం ముందు మా ఊరిని ఆదర్శ సైకిల్ పట్టణంగా తీర్చిదిద్దాలని మున్సిపల్ కమిషనర్ మృత్యుంజయరావు గారికి పైనుంచి ఆదేశాలొచ్చాయి. ఆదేశాలు ఇంగ్లీషులో ఉన్నాయి. ప్రతి సైకిలుకీ వెనక వైపు పనిచేసే ఫ్రీ వీలు ఉండాలనీ, దాన్ని ఇంట్లోనే శుభ్రం చేసుకోవడం జనం నేర్చుకోవాలనీ వాటి సారాంశం. ఫ్రీ వీలంటే వెనక చక్రానికి బిగించే పళ్ళ బిళ్ళ. చైను దాని మీదే తిరుగుతుంది. మనం తొక్కడం ఆపినా సైకిలు ముందుకు సాగిపోయేది దాని పుణ్యమే. సైకిలు తొక్కేవాళ్ళకి ఈ సంగతి తెలుసు. తర్జుమా చేసేవాళ్ళకి తెలిసి తీరాలని ఏ రూల్సులోనూ లేదు.

మున్సిపాలిటీలో తర్జుమా విభాగానికి పెద్ద కందాళ వరదాచార్యులు గారు. తెలుగంటే ప్రాణం పెడతారు. కాగితంలో ఒక్క ఇంగ్లీషు ముక్క కనిపించినా ఆ రోజు ఆయనకి అన్నం సయించదు. వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద ఉత్తర్వు వెలిసింది.

“ప్రతి ద్విచక్రికకును వెనుక భాగమున, పనిచేయు స్థితిలోనున్న ఉచిత చక్రము ఒకటి విధిగా ఉండవలెను. సదరు ఉచిత చక్రమును యజమాని తన గృహమునందే తైలముతో శుభ్రపరచుకొనవలెను. ఉచిత చక్రము లేని ద్విచక్రికలు పురవీధులయందు సంచరింపరాదు.”

చదివి పరిగెత్తాను. ఆచార్యులు గారు నన్ను కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, నింపాదిగా అడిగారు.

“మాస్టారూ, ఫ్రీ కరెంటు అంటే ఏవిటండీ?”

“ఉచిత విద్యుత్తు.”

“ఫ్రీ మీల్సు?”

“ఉచిత భోజనం.”

“మరి ఫ్రీ వీలు?”

లెక్కల మాస్టారిని కదా, వరస తప్పని చెప్పడానికి నాకు మనసొప్పలేదు. అది చక్రం కాదండీ, బిళ్ళ అని గొణిగాను.

“బిళ్ళయితే బిళ్ళ అనేవారు గదండీ? వీలన్నారు!” అన్నారాయన జాలిగా.

మర్నాడు తెల్లారేసరికి మున్సిపల్ ఆఫీసు ముందు జనం. మాకు రావాల్సిన చక్రం మాకివ్వండని క్యూ కట్టారు. కమిషనర్ గారు కిటికీలోంచి చూశారు. ఆయన ఉద్యోగంలో చేరిన దగ్గర్నుంచీ ఆఫీసు ముందు అంతమంది జనం నవ్వుతూ నిలబడటం అదే మొదలు. ఇంతకు ముందు ఎప్పుడు గుంపుగా వచ్చినా ఖాళీ బిందెలతో వచ్చేవారు. ఆయన కళ్ళు చెమర్చాయని చూసినవాళ్ళు చెప్పారు. సాయంత్రానికి ఊరంతా ఫ్లెక్సీలు లేచాయి. చక్రంలో కమిషనర్ గారి ముఖం, పుల్లల మధ్య కౌన్సిలర్ల ముఖాలు. ఫ్లెక్సీలు కట్టేశాక పథకం లేదనడం ఎవరి తరం?

చిక్కల్లా చక్రాలు లేకపోవడమే. దాని మీద అత్యవసర సమావేశం పెట్టారు. సైకిళ్ళ గురించి తెలిసినవాణ్ణని నన్ను పౌర సభ్యుడిగా వేశారు. నా పని హాజరు కావడం, పకోడీలు తినడం.

కమిషనర్ గారు గొంతు సవరించుకున్నారు. “ఉత్తర్వు ప్రకారం వెనక చక్రం ఉచితమై ఉండవలెను. మన సర్వేలో తేలినదేమనగా, పట్టణంలోని వెనక చక్రాలన్నీ యజమానులు సొమ్మిచ్చి కొన్నవే. అనగా నేటికి ఒక్క సైకిలు కూడా నిబంధనలకు లోబడి లేదు. ఇది అత్యంత ఆందోళనకరమైన పరిస్థితి.”

“సార్, మన దగ్గర ఇవ్వడానికి చక్రాల్లేవు కదండీ” అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు గవరయ్య. ఆ ఉదయమే ఆయన్ని చక్రాధికారిగా నియమించారు. మనిషి మంచివాడు, చెప్పిన పని చేసేస్తాడు. చెడ్డవాడై ఉంటే ఇంత నష్టం జరిగేది కాదు.

“లేకపోవడమేమిటయ్యా? ఊరి నిండా ఉన్నాయి. కొనుగోలు చేసిన వెనక చక్రాలను ప్రజలు స్వచ్ఛందంగా అప్పగిస్తారు. అప్పగించనివారి వద్ద నుండి స్వాధీనపరచుకుంటాము. వాటికి పసుపు రంగు వేసి, పూర్తి ఉచితంగా పంపిణీ చేస్తాము. ప్రభుత్వం మీద నయాపైసా భారం పడదు.”

అందరూ బల్లలు చరిచారు. ఎవరి చక్రం వాళ్ళకే ఇస్తారా అని నేనడిగాను. “అలా ఇస్తే అది వారి సొంత చక్రం అవుతుంది గానీ ఉచిత చక్రం ఎలా అవుతుందండీ?” అన్నారు కమిషనర్ గారు. లాటరీ తీద్దామని తీర్మానించారు. పకోడీలు బావున్నాయి.

గవరయ్య మా ఇంటికి వచ్చినప్పుడు వైదేహి గుళ్ళో ఉంది. నా సైకిలు కాలేజీలో ఉంది. వసారాలో ఉన్నది ఆవిడ సైకిలే.

“అయ్యగారూ, కమిటీ మెంబరు గదా తవరు. తవరే ఇయ్యకపోతే రేపు నన్నెవడు లెక్కచేత్తాడండీ?” అన్నాడు.

ఇవ్వనని గట్టిగానే చెప్పాను. ఆయన బాధగా తలూపి, వెనక చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని లాగడం మొదలెట్టాడు. చైను బిగుసుకుంది. బ్రేకు కడ్డీ వంగబోయింది. పుల్లల మీద కాలు పెట్టి తన్నడానికి సిద్ధమయ్యాడు. నా వల్ల కాలేదు. “ఆగవయ్యా, అలాగేనా విప్పేది!” అని పానా తీసుకొచ్చి, నట్లు వదులు చేసి, చైను పక్కకు తప్పించి, చక్రాన్ని శుభ్రంగా విప్పి, గుడ్డతో తుడిచి చేతికిచ్చాను. ఆయన దండం పెట్టి వెళ్ళిపోయాడు. నేను చేసిన ఘనకార్యం ఏమిటో అప్పుడు తెలిసొచ్చింది.

వైదేహి వచ్చింది. వెనక చక్రం లేకుండా ఇటుకల మీద కూచున్న సైకిలుని చూసింది.

“విరగ్గొట్టి లాక్కెళ్ళారా?”

“లేదు. ఏమీ విరగలేదు.”

“మరి?”

“నేనే విప్పి ఇచ్చాను.”

“చిన్నప్పుడు అన్నయ్య ఇవ్వలేదు. ఇప్పుడు మీరు ఇచ్చేశారు” అంది. ఆ రోజు నుంచీ కూరలో ఉప్పు ఉండేది, నోట్లో మాట ఉండేది కాదు.

మొదటి వార్డులో ప్రయోగాత్మకంగా పంపిణీ జరిగింది. లాటరీలో ఎవరికి ఏది వస్తే అది. పాలు పోసే సుబ్బాయమ్మ పెద్ద సైకిలుకి ఎవరి పిల్లల సైకిలుదో చిన్న చక్రం వచ్చింది. ఆవిడ చదును రోడ్డు మీద కూడా కొండెక్కుతున్నట్టు, వెనక్కి వాలి తొక్కేది. ఇంకొకాయనకి చిన్న సైకిలుకి పెద్ద చక్రం వచ్చి, ఎప్పుడూ ఎవరికో నమస్కారం పెట్టబోతున్నట్టు ముందుకు వంగి వెళ్ళేవాడు. సైజు కలవలేదని మొరపెట్టుకుంటే, “ఉచితంగా వచ్చినదానికి కొలతలడగడం ఆదర్శ పట్టణ పౌరుల లక్షణం కాదు” అని కమిషనర్ గారు మందలించారు. చైన్లు ఊడాయి. ఊడిన చైను పెట్టుకోబోతే గవరయ్య అడ్డుపడ్డాడు, వెనక చక్రం ఇప్పుడు ప్రభుత్వ ఆస్తి గనక పానా తగిలించడం నేరమని. ఇంటి దగ్గర శుభ్రం చేసుకోవాలి గానీ ముట్టుకోకూడదు. ఎలాగంటే, దూరం నుంచి నూనె చల్లుకోవచ్చునని ఆఫీసు వారు వివరణ ఇచ్చారు.

మిగతా వార్డుల చక్రాలన్నీ అర్హతల పరిశీలన పూర్తయ్యేదాకా మంచినీళ్ళ టాంకు దిబ్బ మీద గొడౌన్లో పెట్టి తాళం వేశారు. మా చక్రం అందులోనే ఉంది. మూడో ఆదివారం దగ్గరపడుతోంది. నా సైకిలు వెనక చక్రం కూడా కాలేజీ స్టాండులోంచే పట్టుకుపోయారు గనక, అదిచ్చి సరిపెట్టుకునే దారీ లేదు. వైదేహి మాత్రం ప్రయాణం వాయిదా వేస్తున్నానని అన్నయ్యకి చెప్పలేదు. రోజూ సాయంత్రం ముందు చక్రానికి గాలి కొట్టేది. అది చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఆ శనివారం పైనుంచి తనిఖీకి కాత్యాయని గారనే పెద్ద అధికారిణి వచ్చారు. గొడౌను ముందు షామియానా వేశారు. పౌర సభ్యుడి భార్య హోదాలో వైదేహిని హారతి పళ్ళెం పట్టుకోమన్నారు. పిలవగానే ఒప్పుకుంది. నేను ఆశ్చర్యపోయాను.

కమిషనర్ గారు పసుపు రంగు చక్రం ఒకటి చూపించి, “ఇది మా ఉచిత చక్రమండీ” అన్నారు.

“ఉచితమేమిటి?” అన్నారావిడ.

“ఫ్రీ వీలండీ.”

ఆవిడ చక్రం వైపు, ఆచార్యులు గారి వైపు, ఫ్లెక్సీ వైపు వరసగా చూశారు. “ఈ సందర్భంలో ఫ్రీ అనగా ఉచితమనే అర్థం రాదు. తొక్కినా తొక్కకపోయినా అడ్డు లేకుండా తిరిగేదని భావం.”

హమ్మయ్య, బయటపడింది అనుకున్నాను. నేను ఆచార్యులు గారిని తక్కువ అంచనా వేశాను. ఆయన మెల్లగా లేచారు.

“అనగా స్వేచ్ఛా చక్రము! చిత్తం. ఉచిత అనునది ముద్రణ దోషము. సవరణ ఉత్తర్వు ఈ క్షణమే వెలువరిస్తాము. ఉచిత అని ఉన్న చోటనెల్లా స్వేచ్ఛా అని చదువుకొనవలెను.”

“భేష్!” అన్నారు కమిషనర్ గారు, ముఖాన చెమట తుడుచుకుంటూ.

“అయితే మా చక్రాలు మాకిచ్చేస్తారా?” అన్నాను.

“తీసుకొనుటకు ఉత్తర్వు ఉన్నది మాస్టారూ” అన్నారు ఆచార్యులు గారు. “తిరిగి ఇచ్చుటకు లేదు. పైకి రాస్తాము. యథావిధిగా వస్తుంది.”

యథావిధి అంటే ఎంతకాలమో నాకు తెలుసు. అప్పుడు హారతి పళ్ళెం బల్ల మీద పెట్టిన చప్పుడైంది. వైదేహి ముందుకొచ్చింది.

“ఇవ్వక్కర్లేదండీ. ఒక్క మాట అడుగుతాను. అవి స్వేచ్ఛా చక్రాలేనా?”

“నిస్సందేహంగా” అన్నారు కమిషనర్ గారు.

“మరి స్వేచ్ఛా చక్రాన్ని గొడౌన్లో పడేసి తాళం వేస్తారేవిటండీ? మీ ఉత్తర్వుకి మీరే విరుద్ధంగా చేసినట్టు కాదూ? అదీ పైనుంచి తనిఖీకొచ్చిన అమ్మగారి ఎదట!”

కమిషనర్ గారి ముఖంలో రంగు మారింది. ఆచార్యులు గారు ఉత్తర్వు తీసి మళ్ళీ చదివారు, పెదాలు కదుపుతూ. “విరుద్ధమే” అన్నారు చివరికి. “నిర్బంధములోనున్న స్వేచ్ఛ... వ్యాకరణమునకు కూడా విరుద్ధమే.”

“గవరయ్యా! తక్షణం విముక్తి చెయ్యి!” అని కేక వేశారు కమిషనర్ గారు.

ఇవ్వడానికి ఉత్తర్వు లేదు గనక ఎవరి చేతికీ ఇవ్వకూడదు. విడిచిపెట్టవచ్చు. పంద్రాగస్టుకి పావురాలను వదిలినట్టు వదలాలని నిర్ణయించారు. కాత్యాయని గారితో రిబ్బను కత్తిరింపించారు. గవరయ్య గొడౌను తలుపులు తీసి, మొదటి చక్రాన్ని నిలబెట్టి, భక్తిగా కళ్ళకద్దుకుని దిబ్బ మీంచి కిందికి తోశాడు. రెండోది తోశాడు. ఆ తర్వాత తొయ్యక్కర్లేకపోయింది. లోపల పేర్చినవన్నీ వాటంతటవే కదిలాయి.

ఆ దృశ్యం ఎంత చెప్పినా తక్కువే. టాంకు దిబ్బ మీంచి బజారు వీధిలోకి వందల చక్రాలు దొర్లుకుంటూ వచ్చాయి. బెండున్నవి తాగినవాళ్ళలా ఊగుతూ కాలవలో పడ్డాయి. ఒకటి టీకొట్టులోకి వెళ్ళి బెంచీ మీద ఎక్కింది. ఒకటి తిన్నగా పోలీసు స్టేషన్లోకి వెళ్ళి లొంగిపోయింది. అరుగుల మీద జనం లేచి, నాదని ఒకడు, కాదు నాదని ఒకడు, నవ్వుకుంటూ పరిగెత్తారు. బ్యాండువాళ్ళకి ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పలేదు, వాయిస్తూనే ఉన్నారు.

“అదిగోనండీ!” అంది వైదేహి.

చూశాను. అన్ని చక్రాల మధ్యలోంచి ఒకటి, అటూ ఇటూ ఊగకుండా, వీధి నడిమధ్యన గీత గీసినట్టు పోతోంది. మెకానిక్కుల షాపు దాటింది, గడియారం స్తంభం దాటింది. వైదేహి కొంగు బిగించి దాని వెనకాల పరుగందుకుంది. వెనకాల పరిగెత్తడం ఆవిడకి కొత్త కాదు కదా. నేను సగం దూరంలోనే కూలబడ్డాను. కాసేపటికి ఆవిడ చక్రాన్ని దొర్లించుకుంటూ తిరిగొచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి, ముఖమంతా చెమట, చెవుల దాకా నవ్వు.

“బాగా బిగించారండీ” అంది. ఇన్నాళ్ళ తర్వాత నాతో ఆడిన మొదటి మంచి మాట. అంతకన్నా పెద్ద బిరుదు నాకెవరూ ఇవ్వలేదు.

మర్నాడు తెల్లారకముందే వచ్చిన పేపర్లో ఫొటో పడింది. లబ్ధిదారులు పరుగుపరుగున వచ్చి చక్రాలు అందుకున్నారని, ఇంతటి స్పందన మరే పట్టణంలోనూ లేదని కమిషనర్ గారు ప్రకటించారు. స్వేచ్ఛా చక్రాలకు తాళాలు వేయడం నేరం గనక సోమవారం నుంచి సైకిలు తాళాలు స్వాధీనం చేసుకుంటారట. ఆ సంగతి సోమవారం చూసుకుందామని, మేము ఆదివారం చీకటితోనే బయల్దేరాం. ఆవిడ తన సైకిలు మీద, నేను కాలవలో దొరికిన ఎవరిదో చక్రం తగిలించుకుని వంకరగా ఆవిడ వెనక.

ఎండెక్కేసరికి చినరేవు చేరాం. రాఘవులు బావగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. బస్సు ఆగే వైపే చూస్తున్నారు. బెల్లు విని ఇటు తిరిగారు. సైకిలు చుట్టూ తిరిగి, సీటు తడిమి, వెనక చక్రం ఎత్తి ఒకసారి తిప్పి చూశారు. అరవై ఏళ్ళ మనిషి, ముఖం పదేళ్ళ పిల్లాడిదైపోయింది.

“ఒక్క రౌండు కొట్టొస్తానే” అన్నారు.

నేను వైదేహి వైపు చూశాను. ఇవ్వననే అంటుందనుకున్నాను. అనాలనే ఉంది నాకు.

“తీసుకో అన్నయ్యా. ఇది స్వేచ్ఛా చక్రం. ఎవరడిగినా కాదనకూడదని మా ఊళ్ళో రూలు” అంది వైదేహి.

ఆయన హ్యాండిలు పట్టుకున్నారు. పెడల్ మీద కాలు పెట్టారు, మళ్ళీ తీసేశారు. “వొద్దులే. నువ్వెక్కు. నేను వెనకాల వస్తా” అన్నారు.

లుంగీ మడిచి కట్టి నిజంగానే పరిగెత్తారు. వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఊరి చివర దాకా ఆయాసపడుతూ, నవ్వుతూ, ఆగవే ఆగవే అని అరుస్తూ పరిగెత్తారు. వైదేహి మాత్రం స్పీడు తగ్గించలేదు.